వీఎమ్‌కి ఎస్ఎస్‌డీ ఇచ్చే ముందు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ గాజువాక ఆఫీసు సర్వర్‌లో హార్డ్ డిస్కులు నత్తనడక నడుస్తున్నాయని, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని వేగమైన డిస్కు) కొని అకౌంట్స్ వీఎమ్‌కి (సర్వర్ లోపల నడిచే వర్చువల్ మెషీన్‌కి) క్యాష్‌గా, అంటే తరచూ వాడే డేటాను దగ్గర పెట్టుకునే చోటుగా ఇస్తానని రాశావు. ఇవ్వచ్చు. కానీ నా మాట విని ఆ క్యాష్‌ని హోస్ట్‌లోనే, అంటే వీఎమ్‌లను నడిపే అసలు సర్వర్‌లోనే పెట్టు. మీది లినక్స్ హోస్టే కాబట్టి అందులో డిస్కుల్ని చూసుకునే ఎల్వీఎమ్ ఇచ్చే క్యాష్ చాలు. అన్ని వీఎమ్‌లకీ లాభం, లోపల దేన్నీ కదపక్కర్లేదు.

వీఎమ్ లోపల క్యాష్ కడితే అసలు చిక్కు స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణంలో ఎలా ఉందో దాచుకునే నకలు) దగ్గర వస్తుంది. ఎన్‌వీఎమ్ఈ రకం ఎస్ఎస్‌డీని పీసీఐ పాస్‌త్రూ చేశావనుకో, అంటే ఆ పరికరాన్నే నేరుగా వీఎమ్‌కి అప్పగించావనుకో, వేగం నేరుగా వాడినట్టే ఉంటుంది. అయితే అది హోస్ట్ చేతిలోంచి పోతుంది. స్నాప్‌షాట్‌లోకీ బ్యాకప్‌లోకీ రాదు. రేపు ఏదో అప్‌డేట్ బెడిసికొట్టి హార్డ్ డిస్కును నిన్నటి స్థితికి తిప్పావు. క్యాష్‌లో మాత్రం ఇవాళ్టి బ్లాకులే (డేటా ముక్కలే) ఉంటాయి. రెండూ కలవక ఫైల్ సిస్టమ్ పాడవుతుంది. రాసే ప్రతిదీ వెంటనే హార్డ్ డిస్కులోకీ వెళ్ళే రైట్‌త్రూ పద్ధతిలో పెట్టినా ఈ ప్రమాదం తప్పదు. అలా కట్టక తప్పకపోతే స్నాప్‌షాట్ తీసే ముందూ, దానికి వెనక్కి తిప్పే ముందూ క్యాష్‌ని విడదీసి, అయ్యాక మళ్ళీ తగిలించు. లైవ్ మైగ్రేషన్ (వీఎమ్‌ని ఆపకుండా వేరే సర్వర్‌కి మార్చడం) మీద ఆశ వదులుకో.

పాస్‌త్రూ కాకుండా, వీఎమ్‌లను నడిపే ప్రాక్స్‌మాక్స్ సాఫ్ట్‌వేర్‌లో మామూలు డిస్కుగా ఇస్తే వర్చ్ఐఓ స్కసీ అనే వర్చువల్ డిస్కు కంట్రోలర్ మీద ఇవ్వు. ఎస్ఎస్‌డీ ఎమ్యులేషన్ (ఇది ఎస్ఎస్‌డీ అని వీఎమ్‌కి చెప్పేది), డిస్కార్డ్ (ఖాళీ అయిన చోటును డిస్కుకు తెలిపేది) రెండింటికీ టిక్ పెట్టు. ఎమ్యులేషన్ లేదంటే లోపలి లినక్స్ దాన్ని తిరిగే డిస్కే అనుకుంటుంది. ఆ డిస్కు తిరిగేదో కాదో లినక్స్ చూపే రొటేషనల్ ఫైల్‌లో 0 ఉండాల్సిన చోట 1 కనిపిస్తుంది. డిస్కుకు లినక్స్ పెట్టే ఎస్‌డీబీ లాంటి పేరు నమ్మకు, రీబూట్‌కి మారిపోవచ్చు. డిస్కు గుర్తింపును బట్టి వచ్చే, మారని బై-ఐడీ పేరే రాయి.

రైట్‌బ్యాక్ అనే రెండో పద్ధతి జోలికి తొందరపడి వెళ్ళకు. అందులో కొత్తగా రాసిన డేటా కాసేపు ఎస్ఎస్‌డీలోనే ఉంటుంది. ఆ టైమ్‌లో అది చచ్చిపోతే హార్డ్ డిస్కులో మిగిలేది అరకొరే. మన విశాఖలో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేదు, ఏ యూపీఎస్ అన్ని రోజులు ఆగుతుంది? కరెంటు పోయినా చేతిలో ఉన్న డేటాను రాసేసుకునే కెపాసిటర్లున్న సర్వర్ రకం ఎస్ఎస్‌డీ, అదీ రెండు జతగా ఉంటేనే ఆలోచించు. అకౌంట్స్ డేటా అంటే నాకు భయమేరా.

పెట్టిన రోజే వేగం చూసి తేల్చేయకు. మళ్ళీ మళ్ళీ చదివే బ్లాకులు క్యాష్‌లోకి చేరడానికి టైమ్ పడుతుంది. ముందు ఆ వీఎమ్ కాపీ ఒకటి తీసి దాని మీద చేసి చూడు. స్నాప్‌షాట్ వెనక్కి తిప్పి, ఫైల్ సిస్టమ్ చెక్ నడిపి, ఏమొచ్చిందో నాకు ఫోన్ చెయ్యి.