జర్మనీకి పనిమీద వస్తున్న తమ్ముడికి, మొదటి నెలల గురించి

పరకాల నుంచి ఒక తమ్ముడు రాశాడు. కంపెనీ వాళ్లు ఏడాదిన్నర పనిమీద ఫ్రాంక్‌ఫర్ట్ పంపిస్తున్నారట, వీసా వచ్చింది, టికెట్ కూడా అయింది, ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, తనకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదట. "అక్కా, అక్కడ ఎవరూ పలకరించరంటున్నారు, నిజమేనా? దిగగానే ఏం చేయాలి, ఏం తెచ్చుకోవాలి?" అని అడిగాడు.

నేనూ 2013 నవంబర్‌లో ఏడాది ప్రాజెక్టు అని ఇంట్లో చెప్పి హన్మకొండ నుంచి వచ్చినదాన్నే, ఇక్కడే ఉండిపోయాను. కాగితాల సంగతి కొంతైనా కంపెనీ వాళ్లు చెప్తారు. నీ మొదటి ప్రశ్నకు జవాబు మాత్రం ఎవరూ చెప్పరు కాబట్టి దానితోనే మొదలుపెడతాను.

మన దగ్గర వాడకట్టులోకి ఎవరైనా కొత్తగా కిరాయికి దిగితే సామాను దించకముందే ఏ ఊరు, ఎవరి పిల్లలు, ఏం పని చేస్తారు అని నలుగురు అడుగుతారు, పక్కింటామె చాయ్ పంపిస్తుంది. సుబేదారిలో మా ఇంటి దగ్గర చిన్నప్పటి నుంచి నేను చూసింది అదే. ఇక్కడ నేను దిగిన బిల్డింగ్‌లో ఎనిమిది ఇండ్లు. మెట్ల మీద ఎదురైతే 'హలో' అని వెళ్లిపోయేవాళ్లు, నెల రోజుల్లో ఒక్కరు కూడా నువ్వెవరు, ఎక్కడి నుంచి వచ్చావు అని అడగలేదు. పైగా చలికాలం, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడేది, బస్సు నిండా జనం ఉన్నా చప్పుడు ఉండేది కాదు. కాజీపేట స్టేషన్‌లో అర్ధరాత్రి రెండింటికి ఉండే సందడి ఇక్కడ పట్టపగలు కూడా కనిపించదు. నా రంగు చూసి ఇట్లా ఉంటున్నారేమో అనుకున్నాను, ఆఫీసులో నా పని నచ్చలేదేమో అనుకున్నాను, రోజూ అమ్మకు ఫోన్ చేసి బాగున్నానని చెప్పి, పెట్టేశాక ఏడ్చేదాన్ని.

అదే సమయంలో ఇంకో టెన్షన్. బ్యాంకు కార్డు రాలేదు, పన్ను నంబర్ ఉత్తరం రాలేదు, మూడు వారాలు దాటింది. ఎవరికి ఫోన్ చేసినా పంపించామనే అంటున్నారు. ఒకరోజు ఇక ఆగలేక కింది ఇంట్లో ఉండే పెద్దావిడ తలుపు కొట్టి వచ్చీరాని మాటలతో నా బాధ చెప్పాను. ఆమె అప్పటికప్పుడు చెప్పులు వేసుకుని నాతో గేటు దాకా వచ్చి పోస్టు డబ్బా చూపించింది. దాని మీద నాకంటే ముందు ఉన్నవాళ్ల పేరే ఉంది. ఇక్కడ చిరునామాలో ఫ్లాట్ నంబర్ సాధారణంగా రాయరు తమ్మీ, పోస్టుమ్యాన్ డబ్బా మీద పేరు చూసి వేస్తాడు, పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఆమె ఇంట్లోకి వెళ్లి కాగితం ముక్క మీద నా ఇంటిపేరు పెద్ద అక్షరాలతో రాసి తెచ్చి తన చేత్తోనే అతికించింది. తర్వాత బాగా దగ్గరయ్యాక చెప్పింది, నేను ఒంటరిగా తిరగడం ఆమె రోజూ చూసేదట, ఏమైనా కావాలా అని అడగాలనిపించేదట, పిలవకుండా వస్తే నాకు ఇబ్బందిగా ఉంటుందేమోనని ఆగిపోయేదట.

అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ, మన దగ్గర అడగకముందే పెట్టే మనుషుల మధ్య పెరిగాం. అందుకే మనకు నోరు తెరిచి అడగడం చిన్నతనంగా ఉంటుంది. ఇక్కడివాళ్ల లెక్కలో పిలవకుండా ఒకరి విషయంలోకి వెళ్లడమే మర్యాద తప్పడం, అడిగినవాళ్లకు మాత్రం కూర్చుని ఓపికగా చెప్తారు. అందరూ ఒకేలా ఉంటారని నేను అనను, మొహం తిప్పుకునేవాళ్లు కూడా తగులుతారు. అయినా ఎవరూ అడగడం లేదు కాబట్టి నేనంటే ఇష్టం లేదు అనే లెక్కకు మాత్రం రావద్దు. నేను ఆ లెక్క వేసుకుని మొదటి చలికాలం మొత్తం పాడు చేసుకున్నాను.

ఇప్పుడు దిగగానే చేయాల్సిన పని. ఇంట్లో చేరిన రెండు వారాల లోపు ఊరి ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి, దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఇంటి ఓనర్ సంతకం చేసిన కాగితం, పాస్‌పోర్టు కావాలి. చాలా ఊళ్లలో ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, టెర్మిన్ అనే ఆ మాట నువ్వు రోజూ వింటావు, ఇక్కడ టెర్మిన్ లేకుండా చాలా పనులు కదలవు. వీలైతే పరకాలలో ఉండగానే బుక్ చేసుకో. కంపెనీ వాళ్లు మొదటి నెలకు గది ఇస్తే అక్కడ చిరునామా నమోదుకు ఒప్పుకుంటారా అని ఇప్పుడే అడుగు, కొన్ని చోట్ల ఒప్పుకోరు. నమోదు అయ్యాకే 11 అంకెల పన్ను నంబర్ పోస్టులో వస్తుంది. నీ జీతం ఇక్కడి నుంచి వచ్చేటట్టయితే, ఆ నంబర్ ఆఫీసులో ఇవ్వడం ఆలస్యమైతే పన్ను ఎక్కువ కోతపడొచ్చు. తర్వాత సర్దుబాటు అవుతుంది, కాకపోతే మొదటి నెలల్లోనే కదా చేతిలో డబ్బులు కావాలి. టీవీ, రేడియో చందా అని ఇంటికి నెలకు 18.36 యూరోల లెక్కన ఉత్తరం వస్తుంది, అది మోసం అనుకుని పారేయొద్దు, మన ఇంట్లో టీవీ లేకపోయినా కట్టాల్సిందే.

మన దేశంతో జర్మనీకి సామాజిక భద్రత ఒప్పందం ఉంది, చాలామంది పట్టించుకోని విషయం ఇది. నీ ఉద్యోగం అక్కడి కంపెనీలోనే ఉండి కొంతకాలానికి ఇక్కడికి పంపిస్తుంటే, పీఎఫ్ ఆఫీసు నుంచి కవరేజ్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే అక్కడ పీఎఫ్ నడుస్తూనే ఉంటుంది, ఇక్కడ మళ్లీ పెన్షన్‌కు కట్టే పని ఉండదు. విమానం ఎక్కకముందే హెచ్ఆర్ వాళ్లను ఈ సంగతి అడుగు. ఆరోగ్య బీమా ఏది తీశారో కూడా అడుగు, కార్డు చూపిస్తే చాలా, లేక ముందు మనం కట్టి తర్వాత బిల్లు పంపాలా అనేది తెలిసి ఉండాలి. జ్వరం వచ్చిన రోజు వెతుక్కునే ఓపిక ఉండదు. అంబులెన్స్‌కు 112, రాత్రిపూట లేదా సెలవు రోజు మామూలు డాక్టర్ కావాలంటే 116117, ఈ రెండు నంబర్లూ ఫోన్‌లో వేసుకో.

ఇల్లు వెతికేటప్పుడు ప్రకటనలో కనిపించే తక్కువ అంకె చూసి సంతోషపడొద్దు. 'కాల్ట్' అంటే ఉత్త కిరాయి, 'వార్మ్' అంటే అందులో ఇల్లు వెచ్చగా ఉంచే హీటింగ్, నీళ్లు, చెత్త ఖర్చులు కలిసినది, కరెంటు చాలాసార్లు దానికి కూడా బయటే. అడ్వాన్స్ మూడు నెలల ఉత్త కిరాయిని మించకూడదని, దాన్ని మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చని ఇక్కడి చట్టమే చెప్తోంది. వంటగది అని రాసి ఉన్నా లోపల గోడలు, నల్లా తప్ప ఏమీ లేని ఇండ్లు ఉంటాయి, పొయ్యి, సింకు కూడా మనమే పెట్టుకోవాలి, కాబట్టి చూడకుండా మాట ఇవ్వకు. తాళంచెవి పోస్టులో పంపిస్తాను, ముందు డబ్బులు వేయి అనేవాళ్లను అసలు నమ్మకు. మా దగ్గరివాళ్ల అబ్బాయి ఒకడు అట్లాగే పోగొట్టుకున్నాడు, ఇంట్లో చెప్పుకోలేక నెల రోజులు సరిగా తినలేదు, ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

రాత్రి పది దాటాక, ఆదివారం రోజంతా చప్పుడు చేయకూడదు. ఆదివారం దుకాణాలు కూడా దాదాపు అన్నీ మూసే ఉంటాయి, శనివారమే పాలు, కూరగాయలు తెచ్చిపెట్టుకో. రైలు స్టేషన్‌లో టికెట్ చూసే గేట్లు ఉండవు, అట్లాగని టికెట్ లేకుండా ఎక్కావో, పట్టుకుంటే 60 యూరోలు కట్టాలి.

తెచ్చుకునే సామాను విషయానికి వస్తే, అమ్మలకు ముందే చెప్పి ఒప్పించాల్సిన మాట ఒకటుంది. నెయ్యి, పాలకోవా, కోడి పచ్చడి, ఎండబెట్టిన మాంసం ఇవేవీ తేవద్దు, బయటి దేశాల నుంచి పాలు, మాంసంతో చేసినవి యూరప్‌లోకి రానివ్వరు, పచ్చి కరివేపాకు కూడా అంతే. సకినాలు, కారప్పొడులు, మామిడికాయ పచ్చడి తెచ్చుకో, పచ్చడికి మాత్రం మూత గట్టిగా వేసి రెండు మూడు కవర్లలో చుట్టు. బియ్యం, పప్పులు, బియ్యప్పిండి ఇక్కడి ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి, సర్వపిండి మా ఇంట్లో నెలకోసారైనా చేసుకుంటాం. కుక్కర్ తెస్తే ఇండక్షన్ మీద పనిచేసేదే తెచ్చుకో, ఉత్త అల్యూమినియం కుక్కర్ ఆ పొయ్యి మీద వేడెక్కదు. కరెంటు మన వోల్టేజే, పిన్ను మార్చే అడాప్టర్ ఉంటే మిక్సీ నడుస్తుంది.

ఇంటికి ఫోన్ గురించి కూడా చెప్తాను. చలికాలంలో మనకు, ఇక్కడికి నాలుగున్నర గంటల తేడా, ఎండాకాలంలో మూడున్నర. నువ్వు ఆఫీసు నుంచి వచ్చేసరికి బాపు నిద్రపోయి ఉంటాడు, కాబట్టి మధ్యాహ్నం తిండి వేళ ఫోన్ చేసుకో. బాగున్నానని రోజూ అబద్ధం చెప్పకు. ఈ రోజు మనసు బాగాలేదని ఒక్కరికైనా చెప్పు, తోడబుట్టినవాళ్లకు చెప్పినా సరే. నేను అది మూడు నెలలు దాచి, ఫోన్‌లోనే అమ్మ నా గొంతు గుర్తుపట్టి అడిగాక భోరున ఏడ్చాను, ఆమె ఆ రాత్రంతా నిద్రపోలేదని తర్వాత చెల్లె చెప్పింది.

ఆఫీసులో కూడా అర్థం కాకపోతే మొదటి వారంలోనే అడుగు. ఇక్కడ మేనేజర్లు తప్పును మొహం మీదే చెప్తారు, మనకు తిట్టినట్టే ఉంటుంది, అదే మనిషి మధ్యాహ్నం నీతో కలిసి తినడానికి వస్తాడు. భోజనానికి మనల్ని పిలవకపోతే నేనూ వస్తానని నువ్వే అను. మనవాళ్లు కూడా ఈ చుట్టుపక్కల బాగానే ఉన్నారు. బతుకమ్మకు తంగేడు, గునుగు దొరకవు గానీ బంతి, చామంతి, ఇక్కడి డాలియా పూలతో పేర్చుకుంటాం, నువ్వూ రా. మా కింది ఇంటి పెద్దావిడ ప్రతి ఏడాదీ తన తోట పూలు ఇస్తుంది. ఆమె పూలు ఇవ్వడం కూడా నేను అడిగాకే మొదలైంది.

దిగిన రోజు రూమ్‌లో సామాను పెట్టగానే కిందికి వెళ్లి పోస్టు డబ్బా మీద నీ పేరు అతికించి ఫొటో తీసి నాకు పంపు తమ్మీ, మిగతావి అప్పుడు మాట్లాడుకుందాం.