కారు పోయింది, స్టీరియో మిగిలింది
పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నా దగ్గర 2013 మోడల్ వ్యాగన్ ఆర్ ఉండేది. కంపెనీ స్టీరియో లేకుండా వచ్చిన కారు కావడంతో 2018లో 14,500 రూపాయలు పెట్టి, బ్లూటూత్, సీడీ, యూఎస్‌బీ ఉన్న పయొనీర్ డబుల్ డిన్ (రెండింతల ఎత్తున్న సైజు) స్టీరియో బిగించుకున్నాను. ఈ మధ్య కారును ఎక్స్ఛేంజీకి ఇస్తున్నప్పుడు స్టీరియోకు విడిగా విలువ కట్టబోమన్నారు. అందుకని విప్పించి ఇంటికి తెచ్చుకున్నాను. విప్పిన మెకానిక్ కప్లర్‌ను (వైర్లన్నీ కలిపి స్టీరియో వెనుక గుచ్చే ప్లగ్గును) లాగకుండా వైర్లను మధ్యలోనే కత్తిరించేశాడు. కార్ డెకార్స్ షాపులో అడిగితే 1,500 ఇస్తామన్నారు. అది న్యాయమైన ధరేనా? కారే లేనప్పుడు స్టీరియో పనిచేస్తోందని కొనేవారికి చూపించేదెలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: షాపువారు చెప్పిన ధర తక్కువే కానీ, అన్యాయమని అనలేం. తెగిన వైర్లతో, ఆన్ చేసి చూసే వీలు లేకుండా వచ్చిన స్టీరియో రేపు మూగదని తేలితే నష్టం వారిదే కాబట్టి ఆ భయాన్ని కూడా ధరలోంచి తగ్గించుకుంటారు. కాబట్టి బేరానికి ముందు మీరు చేయవలసింది ఆ భయాన్ని తీసేయడం. అందుకు కారు అక్కరలేదు; 12 వోల్టుల బ్యాటరీ ఒకటి, పాత స్పీకరు ఒకటి ఉంటే చాలు.

ముందుగా స్టీరియో వెనుక కప్లర్ ఉందో, కారుతోనే పోయిందో చూడండి. పోయి ఉంటే మీ మోడల్‌కు సరిపడే 16 పిన్నుల కప్లర్‌ను వైర్లతో సహా కొనుక్కోండి. దానికి పెట్టే డబ్బు ధరలో తిరిగి వస్తుంది. ఉంటే కనీసం జానెడు వైరు మిగిలిందేమో గమనించండి. బయటి కంపెనీల స్టీరియోల్లో వైర్ల రంగులు దాదాపు ఒకే పద్ధతిలో ఉంటాయి కనుక తెగినా దారి తప్పవు. పసుపు వైరు బ్యాటరీ నుంచి ఎప్పుడూ కరెంటు అందుకునేది, ఎరుపు తాళం తిప్పినప్పుడు మాత్రమే అందుకునేది, నలుపు ఎర్త్. తెలుపు, బూడిద రంగు వైర్లు ముందు స్పీకర్లకు ఎడమ, కుడి. ఆకుపచ్చ, ఊదా వెనుక స్పీకర్లకు ఎడమ, కుడి. అదే రంగు మీద నల్ల గీత ఉంటే ఆ స్పీకరు నెగటివ్. అయినా మీ మోడల్ మీద అతికించిన వైరింగ్ పటంతో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

పరీక్షించేటప్పుడు పసుపు, ఎరుపు వైర్లను కలిపి బ్యాటరీ పాజిటివ్‌కు, నలుపును నెగటివ్‌కు ఇచ్చి, ఒక 4 ఓముల స్పీకరును తెలుపు, తెలుపు-నలుపు గీత వైర్ల మధ్య కలపండి. ఇంట్లో యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల, 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీ అయినా ఈ పనికి చాలుతుంది. రూటర్ అడాప్టరు లాంటి 1 ఆంపియర్ వస్తువుతో మాత్రం ప్రయత్నించకండి. స్టీరియో వెలిగినా, వాల్యూమ్ పెంచగానే ఆగిపోయి, మంచిదాన్ని కూడా పాడైనదిగా చూపిస్తుంది. మరో ముఖ్యమైన జాగ్రత్త ఏమిటంటే, స్పీకరు నెగటివ్‌ను ఎప్పుడూ ఎర్త్‌కు కలపకూడదు. ఈ స్టీరియోల్లో స్పీకరు రెండు వైర్లలోనూ వోల్టేజీ ఉంటుంది, ఎర్త్‌కు తగిలితే లోపలి ఆంప్లిఫయర్ కాలిపోవచ్చు. అమ్మకానికి ముందురోజు ఇలా కాల్చుకున్నవారిని నేను చూశాను.

ఆన్ అయ్యాక నాలుగు స్పీకరు లైన్లనూ ఒక్కొక్కటిగా వినండి. వాల్యూమ్ నాబ్ తిప్పినప్పుడు అంకె ఎగిరెగిరి పడుతోందా, సీడీని మింగి మళ్లీ బయటికి ఇస్తోందా, బ్లూటూత్ కాల్‌లో మన గొంతు అవతలివారికి వినిపిస్తోందా అని చూడండి. సీరియల్ నంబరు కూడా కనబడేలా ఇదంతా మొబైల్‌లో వీడియో తీసి పెట్టుకోండి. తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయడం మరచిపోకండి. జత చేసిన ఫోన్లు, కాంటాక్టులు, కాల్ జాబితా అందులోనే ఉండిపోతాయి.

ప్రకటనలో సైజును స్పష్టంగా రాయాలి. డబుల్ డిన్ అంటే ముందు భాగం 180 మి.మీ. వెడల్పు, 100 మి.మీ. ఎత్తు, సింగిల్ డిన్ ఎత్తు 50 మి.మీ. మాత్రమే. చాలా టయోటా కార్లలో ఖాళీ 200 మి.మీ. వెడల్పు ఉండడంతో పక్కలకు పట్టీలు అదనంగా కావాలి. మీ కారులో స్టీరియో చుట్టూ పెట్టిన ఫ్రేమ్ వ్యాగన్ ఆర్ ఉన్నవారికే పనికొస్తుంది, కాబట్టి మీ ప్రకటనకు అసలైన గిరాకీ వారే. పెట్టె మీద ఉండే “50 వాట్లు × 4” అనే అంకెను గొప్పగా రాయనక్కరలేదు. అది క్షణకాలపు గరిష్ఠం. మామూలుగా వినేటప్పుడు ఒక్కో చానల్‌కు 20 వాట్ల చుట్టుపక్కలే వస్తుంది, ఆ సంగతి తెలిసినవాడు మిగతా మాటలు కూడా నమ్మడు.

బిల్లు ఉంటే తప్పక చూపించండి. విడిగా అమ్మకానికి వచ్చే స్టీరియో అనగానే దొంగసొత్తేమోనన్న అనుమానం కొనేవారికి సహజం. భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ దొంగసొత్తని తెలిసి నిజాయితీ లేకుండా తీసుకున్నవారినీ శిక్షిస్తుంది. బిల్లు పోయి ఉంటే, మీ పేరు, తేదీ, సీరియల్ నంబరు రాసి సంతకం చేసిన కాగితం ఇవ్వండి.

ఇక ధర. ఇప్పుడు కొనేవారు ఆండ్రాయిడ్ ఆటో (ఫోన్‌లోని మ్యాపులు, పాటలు కారు తెర మీద చూపే సదుపాయం) ఉన్న టచ్ స్క్రీన్‌లనే అడుగుతున్నారు. సీడీకి విలువ లేదు. వైర్లు, ఫ్రేమ్, మైకు, బిల్లు అన్నీ ఉంటే మీరు కొన్న ధరలో నాలుగో వంతు, అంటే 3,500 దాకా చెప్పి, 2,800 దగ్గర తెగ్గొట్టుకోవచ్చని నా అభిప్రాయం. విజయవాడ ఆటోనగర్ దాకా మోసుకెళ్తే రెండు వందలు ఎక్కువ రావచ్చేమో గాని దారి ఖర్చులకే సరిపోతుంది. ఆన్‌లైన్‌లో పెడితే ఒక్కటి గుర్తుంచుకోండి: యూపీఐలో డబ్బు రావడానికి పిన్ కొట్టనవసరం లేదు. వస్తువు చూడకుండానే ధరకు ఒప్పుకొని, క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమనేవాడు కొనేవాడు కాదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: స్నేహితుడి పాత కారులోంచి తీసిన కంపెనీ స్టీరియో నా దగ్గర ఉంది. ఆన్ చేస్తే కోడ్ అడుగుతోంది. ఇలాగే అమ్మేయవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అమ్మవచ్చు, అయితే కోడ్ లేదని ముందే చెప్పి అమ్మాలి. కొన్ని కార్లలో కంపెనీ బిగించిన స్టీరియోలు బ్యాటరీ నుంచి విడదీయగానే దొంగతనం జరిగిందనుకొని తాళం వేసుకుంటాయి. ఊహించి అంకెలు కొట్టకండి. తప్పు కోడ్ పదేపదే ఇస్తే కొన్ని మోడళ్లు ఇంకా గట్టిగా బిగుసుకుపోతాయి. కోడ్ సాధారణంగా కారుతో వచ్చిన పుస్తకాలలోని చిన్న కార్డు మీద ఉంటుంది కాబట్టి ముందు మీ స్నేహితుడి ఇంట్లో వెతికించండి. దొరక్కపోతే ఆయన కారు ఆర్‌సీ, స్టీరియో సీరియల్ నంబరు పట్టుకొని ఆ కంపెనీ సర్వీసు సెంటరుకు వెళ్లి అడగాలి.