పాత పెర్ఫార్మెన్స్ కారు జీవితాంతం ఉంచుకోవాలంటే ముందు ఏం మార్చాలి?

ప్రశ్న: 1970ల నాటి స్పోర్ట్స్ కారు ఒకటి కొని, నెమ్మదిగా మాడిఫై చేసుకుంటూ ఎప్పటికీ ఉంచుకోవాలని ఉంది. ఇంజిన్‌తో మొదలుపెట్టాలా, సస్పెన్షన్‌తోనా? ఇలాంటి బండ్లతో చాలా ఏళ్ళు గడిపినవాళ్ళు చెప్పండి.

జవాబు:

రెంటితోనూ కాదండి. కొత్తలో ఆ బండి ఎలా ఉండేదో ముందు ఆ స్థితికి తీసుకురండి. మాడిఫికేషన్ ఆ తర్వాతి సంగతి.

చప్పటి సలహా అనిపిస్తుందని తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్న బీఎండబ్ల్యూ 2002తో మొదలై, రిటైరయ్యాక కూడా నా దగ్గరే ఉన్న డాట్సన్ 240జెడ్ దాకా, మధ్యలో ఒక మినీ కూపర్ ఎస్, ఒక ఆల్ఫా రోమియో జూలియా కూపే వచ్చి వెళ్ళాయి. వాటన్నిటి కిందా దూరి పనిచేశాక నాకు కుదిరిన అభిప్రాయం ఒక్కటే. పాత కారులో పవర్ చాలట్లేదు అనిపిస్తే, చాలాసార్లు లోటు ఇంజిన్ సత్తాలో ఉండదు. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని చిన్న చిన్న భాగాల్లో ఉంటుంది.

240జెడ్ నా చేతికి వచ్చినప్పుడు 3,000 ఆర్‌పీఎం దాకా బుద్ధిగా వెళ్ళేది, ఆపైన లాగేది కాదు. అందులోది 2,393 సీసీ, ఆరు సిలిండర్ల ఎల్24 ఇంజిన్. దాని అసలు ఊపంతా పైనే ఉంటుంది. అమ్మినాయన "మూడు వెబర్ కార్బురేటర్లు పెట్టించండి, అప్పుడు చూడండి" అన్నాడు. (గాలితో పెట్రోలు కలిపి ఇంజిన్‌కి పంపే భాగం కార్బురేటర్, వెబర్ దాని బ్రాండు.) నేను ముందు టైమింగ్ లైట్ (స్పార్క్ ఏ క్షణంలో పడుతోందో చూపే దీపం) పెట్టి చూశాను. ఐడ్లింగ్‌లో పుల్లీ మీది గుర్తు ఉండాల్సిన చోటే ఉంది. రేస్ చేసేకొద్దీ అది జరగాలి. కొంచెం జరిగి ఆగిపోయింది. డిస్ట్రిబ్యూటర్ (సిలిండర్లకు స్పార్క్ పంచే భాగం) మూత, రోటర్, పాయింట్ల ప్లేటు విప్పితే అడుగున రెండు చిన్న బరువులు ఉంటాయి. అవి తారులా గట్టిపడ్డ గ్రీజులో ఇరుక్కుపోయి ఉన్నాయి.

ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ ఈ బరువులు స్ప్రింగుల్ని సాగదీస్తూ విచ్చుకుంటాయి, స్పార్క్ ముందుకు జరుగుతుంది. ఆర్‌పీఎం రెట్టింపైనంత మాత్రాన పెట్రోలు కాలే సమయం సగానికి పడిపోదు కదా, అందుకని పిస్టన్ జోరుగా వస్తున్నప్పుడు మంట ముందే అంటుకోవాలి. ఆ కాలపు ఇంజిన్లలో చాలావాటికి మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్క్ పడుతుందో ఆ కోణం) 30 నుంచి 36 డిగ్రీల మధ్య ఉంటుంది. నా బండి అందులో సగం దగ్గరే ఆగిపోతోంది. కిరోసిన్, పాత టూత్‌బ్రష్, పివట్ల దగ్గర ఒక చుక్క నూనె, అంతే. బరువుల్ని వేలితో తోసి వదిలితే టక్కున వెనక్కి వచ్చేదాకా శుభ్రం చేసి బిగించాను. రోడ్డెక్కాక అది వేరే బండి. వెబర్లకని దాచిన డబ్బు బ్రేకులకు పోయింది.

కార్బురేటర్ల విషయంలోనూ ఇంతే. ఆ కారుకి కంపెనీ ఇచ్చినవి ఎస్‌యూ తరహా హిటాచీ కార్బురేటర్లు రెండు. ఇంజిన్ ఎంత గాలి లాగితే లోపలి పిస్టన్ అంత లేస్తుంది, దానికున్న సూది జెట్‌లోంచి పైకి వచ్చేకొద్దీ పెట్రోలు పెరుగుతుంది. పైనున్న డాష్‌పాట్‌లో నూనె ఎండిపోతే, యాక్సిలరేటర్ ఒక్కసారి తొక్కినప్పుడు ఇంజిన్ తడబడుతుంది. ఆ నూనె కూడా చూడకుండా కార్బురేటర్లే పీకేసినవాళ్ళు నాకు తెలుసు. రెంటినీ సరిసమానం చేయడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. సన్నటి రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బురేటర్ నోటి దగ్గర పెట్టి, రెండు చోట్లా బుస ఒకే స్థాయిలో వినిపించేదాకా స్క్రూ తిప్పడమే.

వెబర్లంటే నాకు పగేం లేదు. ఆల్ఫాకి కంపెనీ నుంచే రెండు ట్విన్ చోక్ కార్బురేటర్లు ఉండేవి, సిలిండర్‌కో గొంతు చొప్పున. ఆ శబ్దం కోసమే కొందరు కొంటారు, తప్పు పట్టను. కానీ వెంచురీ సైజు, ఐడిల్ జెట్, మెయిన్ జెట్, ఎమల్షన్ ట్యూబ్, ఎయిర్ కరెక్టర్ అనే లోపలి భాగాలన్నీ ఒకదాన్ని ఒకటి లాగుతుంటాయి. ఎగ్జాస్ట్ పొగను బట్టి గాలి-పెట్రోలు పాళ్ళు చెప్పే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ లేకుండా అందులోకి దిగకండి. పూర్తిగా తొక్కినప్పుడు గాలి-పెట్రోలు నిష్పత్తి 12.5-13 దగ్గర ఉండాలి. చెవిని, ప్లగ్గు రంగుని నమ్ముకుంటే నెలలు గడిచిపోతాయి.

ఇవన్నీ సరిచేశాక కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు (సిలిండర్లు ఒత్తిడి నిలుపుతున్నాయా, ఎక్కడైనా కారుతోందా అని చూసేవి) చేయించండి. అవి బాగుంటే ఇంజిన్ తల (సిలిండర్ హెడ్) విప్పాల్సిన పని లేదు, ఎవరెంత ఊరించినా సరే.

ఆ తర్వాత నేనైతే ఆపడం మీదే డబ్బు పెడతాను. వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లవుతుంది. పాత కార్లలో పెద్ద డిస్కులకన్నా ముందు చూడాల్సింది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 ప్రమాణం ప్రకారం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, తేమ పట్టినదానికి ఆ హద్దు 155 మాత్రమే. తక్కువగా నడిచే బండిలో ఆయిల్ కూడా కొత్తగానే ఉంటుందని చాలామంది అనుకుంటారు. తేమకి కిలోమీటర్లతో పనేంటి? రెండేళ్ళకోసారి మార్చేయండి. లోపల ఉబ్బిపోయిన పాత రబ్బరు హోసులు ఉంటే అవీ మార్చండి. టైర్లూ అంతే, గాడి నిండుగా కనిపిస్తుంది, రబ్బరు మాత్రం గట్టిపడి ఉంటుంది. పక్కగోడ మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో చేసినది. మూడే అంకెలుంటే అది 2000 కన్నా ముందుది, ఇంక దాని గురించి ఆలోచించకండి.

సస్పెన్షన్ అడిగారు కాబట్టి, అందరూ ముందుగా చేసే పని గురించి చెప్పాలి: బండిని కిందికి దించడం. స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఒకే నిలువు కాడలో ఉండే మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉన్న కార్లలో (బీఎండబ్ల్యూ 2002 ముందు భాగం, 240జెడ్ ముందూ వెనకా) పొట్టి స్ప్రింగులు వేస్తే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. దాంతో రోల్ సెంటర్ (మలుపులో బాడీ ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది), బండి గరిమనాభి దిగిన దానికన్నా ఎక్కువ దిగిపోతుంది. రెంటి మధ్య దూరం పెరుగుతుంది కాబట్టి మలుపులో బాడీ ఒరగడానికి ఇంకా పెద్ద లీవర్ దొరికినట్టే. చూడ్డానికి బండి నేలకు అతుక్కున్నట్టుంటుంది, మలుపులో మాత్రం ఒరగడానికే చూస్తుంది. దానికి తోడు స్టీరింగ్ రాడ్ కోణం చెడి, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తనే తిరుగుతుంది. దించాలనే ఉంటే కొంచెమే దించండి, స్ట్రట్ అడుగున స్టీరింగ్ ఆర్మ్ దగ్గర స్పేసర్ వేసి ఆ కోణాలు వెనక్కి తెచ్చుకోండి.

బుష్షుల (సస్పెన్షన్ కీళ్ళలోని మెత్తటి తొడుగుల) విషయంలో నాది కాస్త పాతకాలపు పట్టుదల. రోడ్డు మీద తిరిగే బండికి కొత్త రబ్బరు బుష్షులే చాలు. పాలీయూరిథేన్ అనే గట్టి ప్లాస్టిక్‌వి వేస్తే బిగువుగా ఉంటుంది, నిజమే. కానీ బుష్ ఒకేసారి తిరగాలి, వంగాలి అనే చోట అది వంగదు, ఆ లోడు వెళ్ళి లోహం మీద పడుతుంది. మంచి షాక్ అబ్జార్బర్లు, కొత్త రబ్బరు, సరైన అలైన్‌మెంట్ ఉన్న పాత కారు నడిపి చూసినవాళ్ళు తక్కువ. అందుకే అందరికీ మార్చాలనిపిస్తుంది.

హెడ్‌లైట్లకు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్‌లు) పెట్టించండి. అప్పటి కార్లలో చాలావాటికి దీపాల కరెంటంతా డ్యాష్‌బోర్డులోని స్విచ్ గుండానే వెళ్తుంది. రిలే పెడితే వెలుగూ పెరుగుతుంది, దొరకని స్విచ్ కాలిపోకుండానూ ఉంటుంది.

మన బండి మారకపోయినా చుట్టూ ఉన్నవి మారిపోయాయి, వాటి కోసం చేయక తప్పని మార్పులు కొన్ని ఉన్నాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు పైపుల్ని తినేస్తుంది, పగిలిన పైపు వేడి ఇంజిన్ పక్కనే ఉంటుంది. ఇంధనం పారే ప్రతి పైపూ ఇథనాల్‌ని తట్టుకునే రకానికి మార్చండి. ఇది పొదుపు చేసే చోటు కాదు. సీసం కలిపిన పెట్రోలు పోయాక, ఇనుప సిలిండర్ హెడ్డున్న బండ్లలో, గట్టిగా నడిపితే ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు అరిగి వాల్వులు లోపలికి కుంగుతాయి. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీ) చూసిన ప్రతిసారీ తగ్గుతూ వస్తుంటే అదే సంకేతం. అప్పుడు గట్టి సీట్లు వేయించాలి, అంతదాకా హెడ్ జోలికి పోనక్కర్లేదు. ఇంజిన్ ఆయిల్ సంగతి చాలామందికి తెలీదు. క్యాటలిటిక్ కన్వర్టర్లు పాడవకూడదని ఆయిల్‌లో జింక్-ఫాస్ఫరస్ సంకలనం తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ఎస్ఎం ప్రమాణం పలచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌కి 800 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 800) హద్దు పెట్టింది. క్యామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్టు) నేరుగా రాసుకునే పాత ఇంజిన్‌కి, ముఖ్యంగా కొత్త క్యామ్ వేసిన మొదటి నిమిషాల్లో, ఆ జింకే రక్ష. పాత కార్ల కోసమే చేసిన ఆయిల్ కొనండి.

ఇక పవర్. ఇంతా చేశాక కూడా కావాలనిపిస్తే తప్పకుండా చేయండి, నేనూ చేశాను. 240జెడ్‌లో ఇప్పుడున్నది 280జెడ్ నుంచి వచ్చిన ఎల్28, 2,753 సీసీ. బోరు (సిలిండర్ వ్యాసం) 83 నుంచి 86 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 73.7 నుంచి 79 మి.మీ. అయింది, బయటి కొలతలు దాదాపు అవే కాబట్టి కోయకుండా, వెల్డింగ్ లేకుండా కూర్చుంది. పెద్ద క్యామ్‌తో పైన పది గుర్రాలు తెచ్చుకుని కింద పట్టు పోగొట్టుకోవడం కన్నా, అదే కుటుంబంలోని పెద్ద ఇంజిన్ ఎంతో నయం. అసలు ఇంజిన్ నూనె పూసి, కవర్ కప్పి స్టాండు మీద ఉంది. పాత ఇనుములో ఎంత దమ్ముంటుందో తెలియాలంటే బీఎండబ్ల్యూ 2002 చరిత్ర చూడండి. అందులోని ఎం10 బ్లాకు ఆధారంగా చేసిన 1.5 లీటర్ల టర్బో ఇంజిన్‌తోనే నెల్సన్ పికే 1983 ఫార్ములా వన్ టైటిల్ గెలిచాడు. అలాగని మనం టర్బో పెట్టాలని కాదు. గెలవడానికి పెద్ద ఇంజినే ఉండాలనీ లేదు: 1964 మాంటీ కార్లో ర్యాలీ గెలిచిన మినీ కూపర్ ఎస్‌లో ఉన్నది 1,071 సీసీనే.

ఇన్నేళ్ళలో నేను చేసిన మార్పుల్లో నాకు బాగా నచ్చినది గుర్రాలు పెంచేది కాదు, 2002కి వేసిన ఐదు గేర్ల గేరుబాక్సు. నాలుగు గేర్ల దాంట్లో టాప్ నిష్పత్తి 1. ఐదో గేరు 0.8 దగ్గర ఉంటే, 4,000 ఆర్‌పీఎం దగ్గర హోరెత్తే ఇంజిన్ అదే వేగంలో 3,200 దగ్గర ఉంటుంది. దూరప్రయాణాల్లో పక్కవాళ్ళతో మాట్లాడగలిగింది అప్పట్నుంచే, అప్పటిదాకా మా ఆవిడ ఆ కారెక్కడానికి ఒప్పుకునేది కాదు.

ఏం విప్పినా పారేయకండి. బోల్టులతో సహా పెట్టెలో వేసి, ఎప్పుడు, ఎందుకు విప్పారో చీటీ అంటించండి. బాడీకి కొత్త రంధ్రం వేయాల్సి వస్తే వేరే దారి వెతకండి. ఒక నోటుబుక్కులో జెట్ నంబర్లు, టైమింగ్, వాల్వ్ క్లియరెన్స్, కంప్రెషన్ రీడింగులు తేదీతో రాసుకోండి. 2002ని ఒక కుర్రాడికి అమ్మినప్పుడు అతను బండికన్నా ముందు ఆ పుస్తకమే తిరగేశాడు.

వయసుతో కోరికలు మారతాయి, ఆ వెసులుబాటు ఇప్పుడే ఉంచుకోండి. ముప్ఫైల్లో గట్టి సీటు, బరువైన క్లచ్ గొప్పగా అనిపించాయి, ఇప్పుడు మోకాలు ఒప్పుకోవట్లేదు. క్లచ్ తేలిక రకానికి మార్చాను, సీటు కింద స్పాంజి కొత్తది వేయించాను. వెడల్పు టైర్ల వల్ల పార్కింగులో స్టీరింగ్ మొండికేస్తోంది కాబట్టి ఎలక్ట్రిక్ అసిస్ట్ పెట్టాలని చూస్తున్నాను. దానికి స్టీరింగ్ కాలమ్ కోయాలి. ఇంకో పాత కాలమ్ కోసం వెతుకుతున్నాను, దొరికితే దాన్నే కోయిస్తాను. కారుతో వచ్చినది విప్పి పెట్టెలోకి వెళ్తుంది.