అంగదుడు వేసుకున్న లెక్క మీరూ వేసుకోండి

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరు మారతహళ్లిలో 28 వేల అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇద్దరం ఉద్యోగస్తులమే. చేతికి నాకు 90 వేలు, మా ఆవిడకు 70 వేలు వస్తాయి. పీఎఫ్‌తో కలిపి పొదుపు 33 లక్షలు. సర్జాపుర రోడ్డు వైపు ఒక బిల్డరు 95 లక్షల ఫ్లాటును ప్రీ లాంచ్ ధరకు, అంటే అమ్మకాలు అధికారికంగా మొదలుకాకముందు ఉండే ధరకు, ఇస్తానంటున్నాడు. ఆదివారం లోపు 10 లక్షలు కట్టాలట. రెరా నంబరు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ దగ్గర ప్రాజెక్టు రిజిస్ట్రేషన్ నంబరు) మూడు నెలల్లో వస్తుందట. నేను తటపటాయిస్తుంటే మా మామగారు, "హనుమంతుడు ఇలాగే ఆలోచిస్తూ కూర్చుంటే లంకకు చేరేవాడా?" అన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ మామగారికి నా నమస్కారాలు చెప్పండి. అలాగే కిష్కింధకాండ చివరి సర్గలు ఇంకోసారి చదవమనండి. సముద్రం ఒడ్డున వానరులు ముందు చేసిన పని దూకడం కాదు, ఎవరి శక్తి ఎంతో లెక్క చెప్పుకోవడం. గజుడు పది యోజనాలన్నాడు, గవాక్షుడు ఇరవై అన్నాడు, జాంబవంతుడు తొంభై దగ్గర ఆగాడు. అంగదుడు మాత్రం నూరు యోజనాలూ దూకగలనన్నాడు. కాకపోతే తిరిగి రాగలనో లేదో చెప్పలేనన్నాడు. ఇంటి అప్పు అడిగేవాళ్లందరికీ నేను ముందు చెప్పేది ఈ మాటే.

మీ లెక్క వేద్దాం. అప్పు 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉంటే, ఆస్తి విలువలో 80 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. మీకు 75 లక్షలు వచ్చాయనుకుందాం. మిగతా 20 లక్షలు మీవి. కట్టుబడిలో ఉన్న ఫ్లాటు కాబట్టి 5 శాతం జీఎస్టీ, అంటే 4.75 లక్షలు. స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం, పైన సెస్సు, సర్‌చార్జి కలిపితే ఇంకో 7 లక్షల పైమాటే. మొత్తం దాదాపు 32 లక్షలు. పీఎఫ్ కూడా ఊడ్చేస్తే మీ దగ్గర లక్ష మిగులుతుంది. దాంతో కప్‌బోర్డులు కూడా చేయించలేరు.

ఇక తిరుగు ప్రయాణం, అంటే అప్పు తీర్చడం. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ 65 వేలు. ఇద్దరి జీతాలూ వస్తున్నంత కాలం టెన్షన్ లేదు. మీ ఉద్యోగం ఆరు నెలలు ఆగిందనుకోండి, ఆవిడ జీతంలో ఈఎంఐ పోగా ఇంటికి మిగిలేది 5 వేలు. పైగా ఫ్లాటు చేతికొచ్చే దాకా అద్దె కడుతూనే, బ్యాంకు విడుదల చేసిన సొమ్ముకు వడ్డీ కూడా కట్టాలి. మీది అచ్చంగా అంగదుడి పరిస్థితి.

ఇక ఆ బిల్డరు సంగతి. 2016 రెరా చట్టం 3వ సెక్షన్ ప్రకారం, రిజిస్టర్ చేయాల్సిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ కాకముందు ప్రకటించకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. 13వ సెక్షన్ ప్రకారం రాతపూర్వక సేల్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. 95 లక్షల్లో 10 శాతమంటే తొమ్మిదిన్నర లక్షలే. నంబరు లేని దశలోనే మిమ్మల్ని పది అడుగుతున్నారు! ఇలాంటి చోట తక్కువ ధర ఎందుకిస్తున్నారో వేరే చెప్పాలా?

శాంపిల్ ఫ్లాట్ చూసి మనసు పారేసుకున్నారేమో కూడా. రావణుడి అంతఃపురంలో మండోదరిని చూసి హనుమంతుడంతటివాడే సీత అనుకుని ఆనందంతో స్తంభాలెక్కి గంతులేశాడు. వెంటనే తేరుకుని, రాముడికి దూరమైన సీత ఇలా అలంకరించుకుని హాయిగా నిద్రపోదు కదా అని ఆలోచించి మళ్లీ వెతకసాగాడు. మీ వెతుకులాట కాగితాల్లో జరగాలి. కర్ణాటక రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు ఉందా? కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ వారి కావేరి పోర్టల్‌లో ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీయించారా? ఆ వైపు వ్యవసాయ భూములు చాలా ఉన్నాయి కాబట్టి డీసీ కన్వర్షన్ (వ్యవసాయ భూమిని వేరే వాడకానికి మార్చే డిప్యూటీ కమిషనర్ అనుమతి) అయిందా? మూల పత్రాలు కన్నడలో ఉంటాయి. బిల్డరు చూపించే లాయరు కాకుండా మీరు సొంతంగా పెట్టుకున్న లాయరు చేత చదివించండి. ఆ ఫీజు దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

నా సలహా: ఈ ఫ్లాటు వదిలేయండి. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన ఇల్లు 70 లక్షల లోపు చూడండి. దానికి జీఎస్టీ ఉండదు. 56 లక్షల అప్పుకు ఈఎంఐ దాదాపు 48,600. చేతినుంచి 19, 20 లక్షలు పోయినా ఇంకో 13 లక్షలు మిగులుతాయి. మారతహళ్లికి కాస్త దూరం కావచ్చు, ఇల్లు పాతదీ కావచ్చు. అప్పు మొత్తానికి సరిపడా టర్మ్ ఇన్సూరెన్స్ ఇద్దరి పేరా తీసుకోండి.

ఈలోగా వచ్చే నెల నుంచే ఆ ఇంటి ఈఎంఐకీ ఇప్పటి అద్దెకూ ఉన్న తేడా, అంటే దాదాపు 21 వేలు, ఆర్డీలో వేస్తూ రండి. ఆరు నెలలు ఇబ్బంది లేకుండా వేయగలిగితే అప్పుడు బ్యాంకుకు వెళ్లండి. ఆ బిల్డరు శనివారం మళ్లీ ఫోన్ చేస్తాడు. రెరా నంబరు వచ్చాక మాట్లాడదామని చెప్పి పెట్టేయండి.