ఒకే ఇంట్లో రెండు రకాల కాగితాలు

"అమెరికాలో పిల్లల్ని పెంచుతున్న తెలుగు తల్లులు, ఆ దేశంలో ఏదైనా పెద్ద సంఘటన జరిగినప్పుడు ఇంట్లో పిల్లలకు ఏం చెబుతారు? దాచాలా, చెప్పాలా?" అని అడిగారు.

చెప్పాలి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరినీ కూర్చోబెట్టి ఒకేసారి చెప్పాలి. చాలా ఏళ్లు దాచి, దాని ఫలితం చూశాక ఈ మాట చెబుతున్నాను.

మా ఇంటి సంగతి చెబితేగానీ నా జవాబు అర్థం కాదు. మాది హనుమకొండ. 2011లో డాలస్ దగ్గరి ఒక ఊరికి వచ్చాం. అప్పటికి మా పాపకు రెండేళ్లు. బాబు 2013లో ఇక్కడే పుట్టాడు. అంటే మా వారిది హెచ్-1బి అనే ఉద్యోగ వీసా, నాదీ పాపదీ దాని మీద ఆధారపడిన హెచ్-4, బాబు అమెరికా పౌరుడు. ఇద్దరూ నా కడుపున పుట్టినవాళ్లే, ఒకే బడికి వెళ్లారు, ఒకే కంచంలో తిన్నారు. టీవీలో వార్త వస్తే మాత్రం ఒకరికి తగిలేది ఇంకొకరికి తగలదు. ఈ తేడా పిల్లలకు తెలియనివ్వకూడదని నేనూ మా వారూ అనుకున్నాం. ఏదైనా మాట్లాడుకోవాలంటే పిల్లలు పడుకున్నాక గరాజ్‌లో కూర్చుని మాట్లాడుకునేవాళ్లం.

2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఓలేత్‌లో ఒక తెలుగు ఇంజనీరును ఒకడు "మా దేశం నుంచి పొండి" అని అరుస్తూ కాల్చి చంపాడు. పక్కనున్న స్నేహితుడికి, అడ్డుపడిన అమెరికన్ యువకుడికి కూడా బుల్లెట్లు తగిలాయి. ఆ వారమంతా ఊరి నుంచి ఫోన్లే. వాట్సాప్ గ్రూపుల్లో "బయట తెలుగులో మాట్లాడకండి" అన్న సలహా తిరిగింది. నేను భయపడ్డాను. కూరగాయల దుకాణంలో పాప "అమ్మా, బెండకాయలు తీసుకుందామా" అని గట్టిగా అడిగితే చెయ్యి నొక్కి "ఇంగ్లీషులో మాట్లాడు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆ పిల్ల ముందు బయట తెలుగు మానేసింది, తర్వాత బడి నుంచి తెచ్చే కారులో మానేసింది, ఆఖరికి ఇంట్లోనూ మానేసింది. కారణం తెలియకపోతే పిల్లలు తమకు తోచిన కారణం పెట్టుకుంటారు. తెలుగు మాట్లాడితే అమ్మకు సిగ్గు అనుకుందట మా పాప. మళ్లీ నాతో తెలుగులో పూర్తిగా మాట్లాడటానికి రెండేళ్లు పట్టింది. అది నా వల్లే జరిగింది.

అన్ని సంఘటనలూ ఇంటిని విడదీయవు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్ గడ్డకట్టినప్పుడు మాకూ పక్కింటివాళ్లకూ తేడా లేదు. 15వ తేదీ తెల్లవారుజామున కరెంటు పోయింది. మర్నాడు మా వైపు మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది. గ్యాస్ సరఫరా, విద్యుత్ కేంద్రాలు రెండూ చలికి దెబ్బతిన్నాయి. ఈ రాష్ట్రం గ్రిడ్ చాలావరకు విడిగా ఉండటంతో బయటి నుంచి తెచ్చుకోగలిగిన కరెంటు కూడా కొంచెమే. మాకు గ్యాస్ పొయ్యి ఉంది, అగ్గిపుల్లతో వెలిగించాం. పక్కింటి పెద్దావిడకు అన్నీ కరెంటు పొయ్యిలే. మూడు రోజులు ఆమెకు టీ, అన్నం, పప్పుచారు మా ఇంటి నుంచే. పొయ్యి వంటకే వాడాం, గది వెచ్చబెట్టడానికి వాడలేదు, అది ప్రాణాల మీదికి తెస్తుంది. పైపులు గడ్డకట్టి నీళ్లు రాకపోతే బాబు బకెట్‌లో మంచు ఎత్తి తెచ్చి టాయిలెట్‌కి కరిగించాడు. రాత్రి నలుగురం ఒకే దుప్పట్ల కుప్పలో పడుకుంటే, చిన్నప్పుడు మా ఊళ్లో కరెంటు కోతలప్పుడు లాంతరు ముందు చదువుకున్న సంగతులు చెప్పాను. ఆ మూడు రాత్రులు నేను పిల్లల దగ్గర ఏదీ దాచలేదు, భయమేసిందని కూడా చెప్పాను. నాకెంత తేలిగ్గా అనిపించిందో అప్పుడే గమనించి ఉండాల్సింది.

మూడు నెలలకే బాపు, అంటే మా నాన్న, పోయాడు. 2021 మే, ఇండియాలో కరోనా రెండో అల భయంకరంగా ఉన్న రోజులు. మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్లపై అమెరికా ఆంక్షలు పెట్టింది. పౌరులకు, గ్రీన్ కార్డు (శాశ్వత నివాస అనుమతి) ఉన్నవాళ్లకు మినహాయింపు. మైనర్ పౌరుల తల్లిదండ్రులకు కూడా మినహాయింపు ఉంది, అంటే బాబు పేరు మీద నేను రావచ్చు. కానీ నా పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఎప్పుడో అయిపోయింది. ఇక్కడ ఉండటానికి పొడిగింపు ఉంటే చాలు, బయటికెళ్లి తిరిగి రావాలంటే కొత్త స్టాంపు కావాలి. అక్కడ కాన్సులేట్లలో మామూలు వీసా ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. వెళ్తే ఎప్పుడు వస్తానో తెలియదు, పిల్లలిద్దరూ ఇక్కడ. అన్న వీడియో కాల్‌లో చూపించాడు. అందరూ మాస్కులు పెట్టుకుని దూరంగా నిలబడ్డారు. నేను స్నానాల గదిలో తలుపేసుకుని చూశాను. పిల్లలకు "తాతయ్యకు బాగాలేదు" అని మాత్రమే చెప్పి, పోయాడన్న మాట పదో రోజు చెప్పాను. పాప ఏడవలేదు. "నీకు పది రోజుల నుంచి తెలుసా?" అంది. అంతే.

2023 మే 6న మాకు దగ్గర్లోని అలెన్ మాల్‌లో కాల్పులు జరిగి ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఒక తెలుగమ్మాయి, ఇంజనీరు. పండక్కి బట్టలు కొనడానికి మేమూ వెళ్లే మాల్ అది. ఆ రాత్రి దాచడానికి ఏమీ మిగల్లేదు, పిల్లల ఫోన్లలోకి మాకన్నా ముందే వచ్చేసింది. తొమ్మిదేళ్ల బాబు నాకు ధైర్యం చెప్పాడు: "లైట్లార్పి, గోడకానుకుని, మాట్లాడకుండా కూర్చోవాలమ్మా, మాకు బళ్లో నేర్పించారు." అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

అసలు నేను మారింది 2024లో. పాపకు 15 నిండాయి, లర్నర్ లైసెన్స్ తెచ్చుకుంది. కార్డు మీద "లిమిటెడ్ టర్మ్" అని ఉంటుంది, గడువు మా వీసా కాగితంలో ఎంతవరకుందో అంతవరకే. తోటి పిల్లలు కార్డులు పక్కపక్కన పెట్టి ఫొటో తీసుకుంటుంటే ఒకమ్మాయి "నీదెందుకు ఇలా ఉంది?" అని అడిగిందట. ఆ రాత్రి పాప కూర్చుని అంతా వెతికి చదివింది. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నాకు 21 వస్తే నన్ను పంపించేస్తారా?" అంది.

అప్పుడు చెప్పాను అంతా. ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000, కుటుంబ సభ్యుల లెక్క కూడా అందులోనే. ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించి ఇవ్వకూడదని సాధారణ నియమం. ఇండియా నుంచి దరఖాస్తులు ఎన్ని ఉన్నా, చిన్న దేశం నుంచి ఎన్ని ఉన్నా అదే లెక్క. అందుకే మా క్యూ కదలదు. మీ నాన్న క్యూలో నిలబడిన తేదీ 2015. నీకు 21 నిండేలోపు మన వంతు రాకపోతే నువ్వు మా హెచ్-4లో ఉండలేవు, స్టూడెంట్ వీసాకు మారాలి, ఆ తర్వాత నీ ఉద్యోగం, నీ హెచ్-1బి లాటరీ, నీ గ్రీన్ కార్డు క్యూ. చిన్నప్పుడు కాగితాలు లేకుండా వచ్చిన పిల్లలకు డాకా అని ఒక రక్షణ పెట్టారు, చట్టప్రకారం వచ్చిన నీలాంటివాళ్లకు అది వర్తించదు.

రెండేళ్ల వయసులో నా ఒళ్లో కూర్చుని వచ్చిన పిల్ల. హనుమకొండలో ఏ సందు ఎటు పోతుందో తెలియదు. వాళ్ల నాన్న అక్కడే నిలబడి విన్నాడు. పాప చివరికి అడిగింది ఒక్కటే: "తమ్ముడికి తెలుసా?" తెలియదన్నాను. "చెప్పండి. వాడు నా కాలేజీ గురించి, మేమిద్దరం కలిసి చెయ్యబోయే పనుల గురించి ఏవేవో ప్లాన్లు వేస్తుంటాడు. నేనొక్కదాన్నే తెలిసినదాన్నై ఉండలేను."

గరాజ్‌లో మాటలు ఆ రోజుతో ఆపేశాం. ఇప్పుడు ప్రతి నెలా, ఏ తేదీ దాకా వంతు వచ్చిందో చెప్పే వీసా బులెటిన్ వచ్చినప్పుడు నలుగురం కలిసే చూస్తాం. 2025 అక్టోబర్ బులెటిన్‌లో ఇండియాకు ఈబీ-2 (మా ఉద్యోగ కేటగిరీ) తేదీ 2013 ఏప్రిల్ 1 దగ్గర ఉండింది. మాది 2015. బాబే వేళ్ల మీద లెక్కపెట్టి అక్కకు చెబుతాడు.

చెప్పడం మొదలుపెట్టాక ఇంకో సంగతి తెలిసింది. భయం ఒక్క అక్కకే కాదు. 2025 జనవరి 20న, ఇక్కడ పుట్టిన పిల్లలకు తల్లిదండ్రుల వీసాను బట్టి పౌరసత్వం ఆపేలా ఆదేశం వచ్చినప్పుడు, బాబు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఆ ఆదేశం ఫిబ్రవరి 19 తర్వాత పుట్టేవాళ్లకేనని, జడ్జి మూడు రోజులకే ఆపారని అక్క చెప్పి, ఇక్కడ పుట్టినవాళ్లకు పౌరసత్వం ఇచ్చే 1868 నాటి రాజ్యాంగ 14వ సవరణలో ఏముందో చదివి వినిపించింది. నేను చెప్పి ఉంటే ఓదార్పు అనుకునేవాడు. అక్క చదివితే నమ్మాడు.

అదే ఏడాది సెప్టెంబర్ 19, శుక్రవారం. మా వారు హనుమకొండలో ఉన్నారు, అత్తమ్మకు సోమవారం కంటి ఆపరేషన్. సాయంత్రం వార్త: హెచ్-1బి మీద వచ్చేవాళ్లకు లక్ష డాలర్ల రుసుము, ఆదివారం నుంచే అమలు. బయటి దేశాల్లో ఉన్నవాళ్లు వెంటనే వచ్చేయమని కంపెనీల నుంచి మెయిళ్లు. అక్కడ తెల్లవారుజాము. ఫోన్ చేసి లేపాను. శంషాబాద్‌కి నూట యాభై కిలోమీటర్ల పైమాటే, టికెట్ల ధర ఎక్కడికో పోయింది, దొరికినా గడువులోపు ఇక్కడ దిగడం దాదాపు అసాధ్యం.

ఫోన్ పెట్టి పిల్లలిద్దరినీ పిలిచాను. టెన్షన్‌తో గొంతు వణుకుతోంది, వణకనిచ్చాను. నాకు తెలిసింది ఇది, తెలియనిది ఇది, మీ నాన్న ఆలస్యంగా రావచ్చు, ఉద్యోగానికి ఇబ్బంది రావచ్చు, అప్పుడు నా జీతంతో నడపాలి, కానీ నేను ఉద్యోగం చేసే పర్మిట్ కూడా ఆయన వీసాతో ముడిపడి ఉంది అని చెప్పాను. పాప ఆదేశం పూర్తి పాఠం తెరిచి చదివింది. "ఇందులో 'ప్రవేశం' అని ఉందమ్మా, ఇప్పటికే వీసా ఉన్నవాళ్ల గురించి స్పష్టంగా లేదు" అంది. పదహారేళ్ల పిల్ల అలాంటి కాగితం చదవాల్సి రావడం నాకు బాధే. కానీ ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఒంటరిగా లేరు. బాబు పరుపు తెచ్చి మా గదిలో వేశాడు.

శనివారం మధ్యాహ్నం మాకు స్పష్టత వచ్చింది: ఇది కొత్త దరఖాస్తులకే, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు కాదు. మా వారు అప్పటికి ఎయిర్‌పోర్టు బయట కారులో ఉన్నారు, అక్కడ అర్ధరాత్రి. వెనక్కి తిప్పుకుని అమ్మ దగ్గరికి వెళ్లిపోయారు.

మర్నాడు ఆదివారం ఎంగిలిపూల బతుకమ్మ. చెయ్యకూడదనుకున్నాను, ఒంట్లో సత్తువ లేదు. పిల్లలే మొదలుపెట్టారు. బంతులు, చామంతులు దుకాణం నుంచి తెచ్చారు. తంగేడు ఇక్కడ దొరకదు. సాయంత్రం ఆడటానికి బయల్దేరేముందు వీడియో కాల్ చేశాం. అక్కడ సోమవారం పొద్దున, అత్తమ్మ ఆస్పత్రికి బయల్దేరుతోంది. ఫోన్ కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"గునుగు పువ్వేదిరా బిడ్డా?"

"ఇదే నానమ్మా. ఇక్కడ సెలోషియా అంటారు, అదీ గునుగు జాతేనని అక్క చదివి నర్సరీ నుంచి తెచ్చింది."

"ఎర్రగున్నది గదరా."

"తెల్లది దొరకలేదు నానమ్మా," అన్నాడు బాబు, తాంబాళం ఇంకాస్త ఫోన్ దగ్గరికి జరిపి.