ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో యూజర్ వేరియబుల్స్ (విలువను పేరు పెట్టి దాచుకునే చోట్లు) లేవు కదా, విలువను ఎక్కడ దాచుకోవాలి?

టెంపరరీ టేబుల్‌లో దాచుకోండి, ఆ విలువ ఒక్క క్వెరీకే కావాలంటే ఆ క్వెరీ మొదట్లోనే విలువకు పేరు పెట్టే విత్ (WITH) క్లాజ్ చాలు (3.8.3 వెర్షన్ నుంచి ఉంది).

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లోలా సెట్ చేసుకునే వేరియబుల్స్ ఇందులో లేకపోవడానికి కారణం దాని నిర్మాణమే. ఎస్‌క్యూలైట్ విడిగా నడిచే సర్వర్ కాదు, మీ ప్రోగ్రామ్ లోపలే పనిచేసే లైబ్రరీ. వేరియబుల్స్, లూప్‌లు ఆ ప్రోగ్రామ్ భాషలో ఎలాగూ ఉంటాయి. ఇబ్బందల్లా ఉత్త ఎస్‌క్యూఎల్ స్క్రిప్ట్ రాసేటప్పుడే.

ఉదాహరణకు ఒక ఆర్డర్, దాని కింద మూడు వస్తువులు చేర్చాలి. ఆర్డర్ చేర్చగానే లాస్ట్ ఇన్సర్ట్ రోఐడీ (last_insert_rowid, చివరగా చేరిన వరుస నంబర్ చెప్పేది) ఫంక్షన్ ఇచ్చే నంబర్‌ను టెంపరరీ టేబుల్‌లో పెట్టి, ప్రతి వస్తువుకూ సబ్‌క్వెరీతో (క్వెరీ లోపల రాసే క్వెరీతో) అక్కడి నుంచే తీసుకోండి. నేరుగా ఫంక్షన్‌నే పిలిస్తే, మొదటి వస్తువు చేరగానే అది వస్తువు నంబర్ ఇస్తుంది, రెండో వస్తువు తప్పు ఆర్డర్‌కు అతుక్కుంటుంది. కనెక్షన్ మూసేస్తే టెంపరరీ టేబుల్ దానంతటదే పోతుంది.

చాలామంది పొరబడేది @ గుర్తు దగ్గర. @పేరు అని రాస్తే ఎస్‌క్యూలైట్ ఒప్పుకుంటుంది, కానీ అది వేరియబుల్ కాదు, బయటి నుంచి విలువ అందుకునే పారామీటర్. విలువ ఇవ్వకపోతే దాన్ని నల్‌గా (విలువ లేనిదిగా) తీసుకుంటుంది, ఎర్రర్ కూడా చూపకపోవచ్చు.