చక్రం ఎక్కడ తగులుతోందో ముందు చూడు

ఒరే అల్లుడూ,

నీ కారుకు కొత్త అలాయ్స్, అంటే తేలిక లోహపు చక్రాలు, వేయించిన వారానికే మలుపుల్లో గరగరా శబ్దం వస్తోందని, మెకానిక్ ఎవరో మడ్‌గార్డు అంచు కోసేద్దాం అన్నాడని మీ అమ్మ చెప్పింది. నేను వచ్చేదాకా గ్రైండర్ పెట్టనివ్వకు. పెయింట్ లేచిన రేకు మన నెల్లూరు ఉప్పుగాలికి ఒక్క వానాకాలంలోనే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది.

ముందు ఒక సుద్దముక్క తీసుకో. టైరు నేలను తాకే భాగానికీ పక్కగోడకూ మధ్య ఉండే భుజం మీద చుట్టూ మందంగా రుద్దు. ఖాళీ స్థలంలో స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి, నెమ్మదిగా ముందుకీ వెనక్కీ నడుపు. తర్వాత నలుగురిని ఎక్కించుకుని స్పీడ్ బ్రేకర్ దాటించు. దిగి ఫోన్ లైటు వేసి చూస్తే, టైరు తగిలిన చోట మడ్‌గార్డు లోపలి నల్లటి ప్లాస్టిక్ తొడుగు, అదే లైనర్ మీదో, రేకు అంచునో తెల్లగా గీత పడి ఉంటుంది.

స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు ముందు లైనర్‌కే తగులుతుంటే టెన్షన్ వద్దు. క్లిప్పు ఊడి లైనర్ జారిందేమో చూసి కొత్తది వేయించు. అప్పటికీ తగిలితే హీట్ గన్‌తో వెచ్చచేసి లోపలికి నొక్కించవచ్చు. దాని వెనక వైర్లు ఉంటే మాత్రం జాగ్రత్త.

బరువెక్కినప్పుడు వెనక రేకుకు తగిలితే ఆ బండి రోడ్డెక్కించొద్దు. మా పెద్దదాని చిన్నతనంలో నేనూ వెడల్పు చక్రాలు వేయించాను. ఒక్కణ్నే తిరిగితే చప్పుడే లేదు. ఐదుగురం పెంచలకోన బయల్దేరితే పొదలకూరు దాటాక కాలిన రబ్బరు వాసన వచ్చింది. ఆపి చూస్తే టైరు భుజం చుట్టూ వేలు పట్టేంత గాడి, అందులోంచి దారాలు బయటికొచ్చి ఉన్నాయి. చంటిది మీ అత్త ఒడిలో నిద్రపోతోంది. నాకు కాళ్ళు వణికాయి.

నీ స్విఫ్ట్‌కు కంపెనీ ఇచ్చింది 185/65 ఆర్15 టైరు. మొదటి అంకె వెడల్పు మి.మీ.లో, రెండోది ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ సైజు అంగుళాల్లో. నువ్వు వేయించింది 205/65 ఆర్15. మొత్తం ఎత్తు సుమారు 621 మి.మీ. నుంచి 647కు పెరిగింది, అంటే పైన 13 మి.మీ. ఖాళీ పోయింది. మీటర్ 80 చూపిస్తుంటే బండి నిజానికి 83 మీద పోతోంది. నా మాట విని ఆ టైర్లు మార్చెయ్. 195/60 ఆర్15 వేస్తే ఎత్తు 615 దగ్గరికి వస్తుంది, అలాయ్స్ ఉంచుకోవచ్చు.

అలాయ్ లోపలివైపు ఈటీ అని ఒక అంకె ఉంటుంది, ఫోటో తీసి పంపు. అది తగ్గేకొద్దీ చక్రం బయటికి జరుగుతుంది. 45 ఉండాల్సిన చోట 35 ఉంటే 10 మి.మీ. బయటికి వచ్చినట్టే. అలాంటప్పుడు స్పేసర్, అంటే చక్రం వెనక పెట్టే బిళ్ళ, వేస్తే ఇంకా బయటికి పోయి రేకుకు మరింత తగులుతుంది. లోపల స్ప్రింగు వైపు తగిలితేనే స్పేసర్ మాట, అదీ బోల్టు మరలు నట్టులో సరిపడా పడితేనే. స్ప్రింగులు మార్చి బండి కిందికి దించుదామని ఎవరైనా అంటే అసలు ఒప్పుకోవద్దు.

టైర్లు మార్చాక అలైన్‌మెంట్ చేయించు. వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు మరోసారి బిగించుకో. ఆదివారం పొద్దున్నే వస్తాను. అప్పటిదాకా సుద్ద గుర్తులు తుడవకు, ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మావయ్య